ఇప్పచెట్టు చుట్టూ ఇల్లు

మా అమ్మాయి జ్యోత్స్న గీసిన ఇంటికి నడుమ కప్పు లేదు. అక్కడ ఇప్పచెట్టు ఉంది. జూలూరుపాడు దాటాక అడవి అంచున మాకున్న చేనులో, ఆ చెట్టును కొట్టకుండా గదులన్నీ దాని చుట్టూ వంపు తిరిగేలా ప్లాను వేసింది. నా భార్య సరళ పోయాక ఖమ్మంలో నేనొక్కడినే ఉండటం చూడలేక, తనూ అల్లుడు బలరామూ నేనూ కలిసి ఉండేందుకు తలపెట్టిన ఇల్లది. వేర్ల మీద సిమెంటు పడకూడదని, చెట్టు మొదలు చుట్టూ నేలకు జానెడు ఎత్తున చెక్క అరుగు వేయించింది. కింద మట్టికి గాలి ఆడాలంది.

నేల మాదేగానీ చెట్టు మీది పువ్వు రామక్కది. పక్క కోయగూడెంలో ఇప్పచెట్లు ఇంటింటికీ పంచుకొని ఉంటాయి. నేల ఎవరి చేతికి పోయినా పువ్వు ఏరి అమ్ముకునే కుటుంబం మారదు. ఈ చెట్టు కింద రామక్క అత్త ఏరింది, ఆ తర్వాత రామక్క.

గోడలు లేస్తుంటే ఆమె తన కూతురు యశోదను వెంటబెట్టుకొని చూడవచ్చింది.

"ఏంది బిడ్డా, ఇంటికి నడుమ గీ బొక్క? రేకులు సాల్లేదా?"

"నీ చెట్టు కోసమేనమ్మా," అంది జ్యోత్స్న.

"చెట్టుకు రూమిచ్చినవా? మా ముసలోడు బతికున్నన్ని దినాలు వాకిట్లనే పండిండు."

యశోద నవ్వింది. రామక్క మాత్రం నవ్వు ఆపి నా వైపు తిరిగింది.

"రేపు తలుపులు పెడ్తరు. నా చెట్టు నాకుంటదా సారూ?"

"ఉంటది. నీ దారికి తలుపే పెట్టం. ఎప్పటిలెక్కనే రా."

"ఎప్పటిలెక్కనే?"

"అవ్."

ఆమె చెట్టును అరచేత్తో తట్టి వెళ్లింది.

మాఘం వెళ్లేసరికి ఇల్లు దాదాపు పూర్తయింది. వెదురు కప్పు వేశారు. చెక్కకు నూనె పట్టించారు. ఇప్పచెట్టు ఆకు రాల్చడం మొదలుపెట్టింది. పువ్వు రాలే ముందు గూడెం ఆడవాళ్లు చెట్టు కింది ఆకు ఊడ్చి కాలబెడతారు. అలా నల్లగా చేసిన నేల మీదైతేనే తెల్లవారుజామున పువ్వు కనబడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, జ్యోత్స్నకూ తెలుసు. ఇంటి నడుమ కూడా అదే జరుగుతుందని మా ఇద్దరికీ తట్టలేదు.

మేము కుళాయిలు చూడటానికి ఖమ్మం వెళ్లిన రోజున రామక్క వచ్చింది. అరుగు చుట్టూ శుభ్రంగా ఊడ్చి, ఆకును చెట్టుకు దూరంగా పోగుచేసి, పచ్చికొమ్మ చేతబట్టుకొని నిప్పు పెట్టింది. అరుగు కింది సందులో గాలి కూరిపెట్టిన ఆకు ఆమెకు కనబడలేదు. మంట ఆ సందులోకి పాకింది. చెక్కల మధ్య నుంచి పైకి లేచి, వెదురును అందుకుంది.

వెంట వచ్చిన యశోద బయటినుంచి పిలుస్తూనే ఉందట. రామక్క రాలేదు. చెట్టు మొదలు కాలకుండా కొమ్మతో కొడుతూ లోపలే ఉండిపోయింది.

మేము చేరేసరికి కప్పు కూలిపోయింది. ఒళ్లు కాలిన రామక్కను గూడెం వాళ్లు అప్పటికే బయటికి తెచ్చారు. గాలి గూడెం వైపు తిరగలేదు. ఆ రోజు జరిగిన మంచి అదొక్కటే.

ఖమ్మం దవాఖానాలో ఒక నర్సు తన టేబుల్ ఫ్యాను తెచ్చి రామక్క మంచం దగ్గర పెట్టింది. ఎవరూ అడగలేదు. కానిస్టేబులు వచ్చి నిప్పెవరు పెట్టారని అడిగాడు.

"నేనే. నా చెట్టు కింద ఆకు కాలబెట్టిన," అంది రామక్క.

నేను జ్యోత్స్న వైపు చూశాను. ఆమె ఇల్లు బూడిదయింది. ఏమంటుందోనని నేను భయపడ్డాను.

"మేమే రమ్మన్నం," అంది కానిస్టేబులుతో. "ఆమె మీద మాకు ఫిర్యాదు లేదు."

అతను ఇద్దరినీ చూసి వెళ్లిపోయాడు.

"చెట్టున్నదా బిడ్డా?"

"ఉన్నదమ్మా. ఒక పక్క బెరడు కాలింది."

"పువ్వొస్తదా?"

"వస్తది."

వచ్చింది, కాలని వైపు మాత్రం. రామక్క అప్పటికి లేదు. రాలిన పువ్వును ఎవరూ ఏరలేదు. అడవిపందులు తిని పోయాయి.

జ్యోత్స్న ఇంటిని మళ్లీ గీసింది. ఈసారి గదులను చెట్టుకు దూరంగా, ఒక పక్కకు జరిపింది. అరుగు లేదు. చెట్టు చుట్టూ వట్టి మట్టినేల, అక్కడినుంచి గూడెం బాటకు అడ్డులేని దారి. ఆకు కాల్చుకునే చోటు అని ఆమె చెప్పినప్పుడు మేస్త్రీ వింతగా చూశాడు. ఆ ఇంట్లోనే ఇప్పుడు ఉంటున్నాం.

ఆకు మళ్లీ రాలుతుంటే నేను గూడెం వెళ్లాను. యశోద మిరపతోట కూలి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"ఆకు రాలుతున్నదమ్మా. చెట్టు నీదే. ఇప్పుడు ఇంటికి దూరంగున్నది, భయం లేదు."

"మా అమ్మకు గూడ గట్లనే చెప్పినవు సారూ."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది.

"నేను రాను. నా పిల్లలను గూడ రానియ్య. మీరే ఏరుకోన్రి."

"మేమెట్ల ఏరుతమమ్మా?"

"అయితే పందులు తింటయి."

ఆమె లోపలికి వెళ్లింది. ఇక వెళ్లమన్నట్టే అనుకొని లేచాను. చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. ఎండన పడి వచ్చినవు, తాగిపో అంది.

తిరిగి వచ్చేసరికి జ్యోత్స్న చెట్టు కింద ఊడుస్తోంది. ఆకును దూరంగా, అచ్చం రామక్క చేసినట్టే పోగు చేసింది. నా ముఖం చూసి చీపురు పక్కన పెట్టింది. అగ్గిపెట్టె తీసింది. కాసేపు చేతిలో తిప్పి, మళ్లీ కొంగున ముడేసుకుంది.

చీకటి పడేలోపు గాలి లేచి ఆకునంతా మళ్లీ చెట్టు కిందికే తెచ్చి పరిచింది.