తెర వెనక నుంచి మాట

"కాలర్ దగ్గర ఇంకోసారి పెట్టు. పెద్దవాళ్ల కళ్లు ముందు అక్కడే పడతాయి," అన్నాడు భర్త, అద్దం ముందు నుంచి కదలకుండా.

ఆమె ఇస్త్రీపెట్టె మళ్లీ కాగేదాకా ఆగి, కాలర్ మీద నొక్కింది. ఇవాళ దాతల ముందు అతను చెప్పబోయే ఉపన్యాసం కూడా ఆమె రాసిందే. రైలు పట్టాల అవతలి పేటలో, పాత గోదాములో, కుట్టుపని చేసుకునే ఆడవాళ్లకు నాటకం నేర్పేది ఆమే. నేల ఊడ్చేదీ, వేషాల కోసం జరిగే పోట్లాటలు తీర్చేదీ ఆమే. సంస్థ బోర్డు మీద వ్యవస్థాపకుడిగా ఉన్నది మాత్రం అతని పేరు. ఇద్దరిలో ఎవరి పేరుంటే ఏంలే అనుకుంది ఇన్నాళ్లూ. నిన్న భోజనాల దగ్గర తెలిసొచ్చింది.

"విరాళం మంజూరైతే నాటకం నేర్పేవాళ్లకి జీతమిస్తారట. తమ్ముణ్ణి పెడుతున్నా," అన్నాడతను చెయ్యి కడుక్కుంటూ.

"మీ తమ్ముడికి నాటకం గురించి ఏం తెలుసు?"

"నువ్వు రాసిపెట్టినవి ఉన్నాయిగా. నీకు జీతమంటే, పెళ్లాం కోసం సంస్థ పెట్టాడంటారు."

"తమ్ముడికిస్తే అనరా?"

జవాబు అత్తగారి నుంచి వచ్చింది. "వాడు మగపిల్లాడమ్మా, ఖాళీగా ఉన్నాడు. ఇకనైనా ఇంటిపట్టున ఉండు. నా మోకాళ్లకి కాపడం పెట్టే దిక్కు లేదు."

పొద్దున ఆ మోకాళ్లకు కాపడం పెట్టిన చేత్తోనే ఆమె ఎంగిలి కంచాలు తీసింది. డబ్బు రాకపోతే గోదాముకు తాళం పడుతుంది. వస్తే మరిది వస్తాడు, తను ఇంట్లో పడుతుంది. ఎటు తిరిగినా గోడే. రాకపోతేనే నయమని ఒక్క క్షణం అనుకుంది. కుట్టుమిషన్ మీద వంగి వంగి నడుం పోగొట్టుకున్నా నాటకానికి తప్పక వచ్చే పేట అక్క గుర్తొచ్చి సిగ్గుపడింది. ఇవాళ రాణి వేషం ఆ అక్కదే.

గోదాములో, పాత దుప్పట్లు కలిపి కుట్టిన తెర వెనక ఆ రాణి సిద్ధంగా ఉంది.

"డబ్బొస్తే ఇక మీరు రారటగా? మీ మరిది చెప్పాడు," అంది.

"ముందు కిరీటం చూసుకో, జారిపోతుంది."

"నేను తల దించితేగా జారడానికి. మీ సంగతి చెప్పండి."

అంతలో తెర ముందు ఉపన్యాసం మొదలైంది. నాటకంలో ఎవరు మాట మర్చిపోయినా తెర వెనక నుంచి అందించేది ఆమే. భర్తకూ అదే అలవాటైంది. కాగితం చూసి చదివితే మనసులోంచి వచ్చినట్టుండదంటాడు. చెవిన పడ్డ మాటను అర్థం కోసం ఆగకుండా గొంతు పెంచి చెప్పేస్తాడు. సగం చప్పట్లు ఆ గొంతుకే.

"ఈ పేట ఆడవాళ్లని వంటింట్లోంచి స్టేజీ మీదికి..." ఆగాడు. చెవి తెర వైపు వంచాడు.

'తీసుకురావాలన్నదే నా తపన.' రాసిన మాట ఆమె నాలుక చివరే ఉంది. రాణి ఆమెనే చూస్తోంది. అవతల అతను మెల్లగా దగ్గాడు.

"తీసుకొచ్చింది నేను కాదు," అని అందించింది.

"తీసుకొచ్చింది నేను కాదు," అన్నాడతను గంభీరంగా.

ముందువరసలో దాతల తరఫున వచ్చిన మేడమ్ తలెత్తింది.

"ఈ నాటకాలు రాసింది, నేర్పింది నా భార్య."

"ఈ నాటకాలు రాసింది, నేర్పింది నా భార్య." చివరి మాట నోరు దాటాక గాని అతనికి అర్థం కాలేదు. ఆమె ఇస్త్రీ చేసిన కాలర్ చెమటకు మెత్తబడటం తెర సందులోంచి కనిపించింది. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి.

"ఆవిడ ఎక్కడున్నారు?" మేడమ్ అడిగింది.

ఏం చెప్పాలో తెలియక అతను మళ్లీ తెర వైపు చెవి వంచాడు.

ఈసారి ఆమె మాట అందించలేదు. తెర తాడు లాగింది.