బావమరిది గుండెచప్పుడు

కళ్ళద్దాల షాపాయనకి గుండె కాస్త తేడాగా ఉందని, రోజూ పొద్దున్నే నెమ్మదిగా సైకిలు తొక్కమని డాక్టరు చెప్పాడు. భార్య ఆ సాయంత్రమే ఛాతీకి కట్టుకునే పల్స్ బెల్టూ, సైకిలుకి తగిలించే జీపీఎస్సూ కొనుక్కొచ్చింది.

"ఇవన్నీ ఎందుకే? తొక్కడానికి కాళ్ళుంటే చాలదా?"

"కాళ్ళు మీకోసం. ఇవి నాకోసం" అందావిడ.

ఆయన బయటున్నంతసేపూ ఆవిడ వంటింట్లో ఫోను ఎదురుగా పెట్టుకుని, కదిలే చుక్కనీ, దాని పక్కనున్న పల్స్ అంకెనీ చూస్తూ పని చేసుకునేది.

వారం తిరక్కుండానే ఆయనకి బద్ధకం పుట్టుకొచ్చింది. బావమరిది ఎలాగూ రోజూ తొక్కేవాడే. "ఈ రెండూ నువ్వు తగిలించుకెళ్ళరా" అని బతిమాలాడు.

"అక్కకి తెలిస్తే నా తోలు తీస్తుంది బావా" అంటూనే వాడు ఒప్పుకున్నాడు.

అప్పట్నుంచి ఈయన సైకిలు మీద షాపు దాకా వెళ్ళి, కంటి పరీక్ష కుర్చీలో వెనక్కి వాలి కునుకు తీసేవాడు. ఇంటికెళ్తే "ఇవాళ బాగా తొక్కారు" అని ఆవిడ మురిసిపోయేది. ఆయన తలొంచుకుని స్నానాలగదిలోకి జారుకునేవాడు.

ఒకరోజు కుర్చీలో ఉండగానే ఫోను మోగింది.

"బావా, వంతెన మీద టైరు పంచరైంది. దురద పెడుతోందని బెల్టు తీసేశాను. అక్క పరిగెత్తుకుంటూ వచ్చేసింది. ఒక కాలికే చెప్పుంది. నన్ను చూసి కూలబడిపోయింది, ఏం అడిగినా పలకట్లేదు."

ఆయన సైకిలెక్కి, వంతెన ఎత్తంతా ఆగకుండా తొక్కాడు.

ఆవిడ ఫుట్‌పాత్ మీద కూర్చునుంది. "అంకె పోయింది. చుక్క ఆగిపోయింది. మీకేదో అయిపోయిందనుకున్నా" అంటూ లేచి, రొప్పుతున్న ఆయన ఛాతీ మీద అరచెయ్యి ఆనించింది. "ఇది మీదే కదా?"

బావమరిది పంచరైన చక్రం వైపు తల తిప్పుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయన బెల్టు తనే కట్టుకుని నిజంగానే తొక్కుతున్నాడు. ఆవిడ మాత్రం ఫోన్లో చూడటం మానేసింది. ఒకసారి ఆయనే ఫోను ముందుకి జరిపి, "ఎంత దూరం వెళ్ళానో చూడు" అన్నాడు.

"మీరు చెప్పారుగా, చాలు" అందావిడ, అటు తిరక్కుండానే.

నాలుగు తిట్టినా బాగుండునని ఆయన అనుకోని పూట లేదు.