మూడో వంతు వేగం

ప్రొద్దుటూరు బజారులో ప్రభాకరరావు బట్టల అంగడికి ఒక పేరుంది. మీటరు గుడ్డ కొలిచాక, కత్తెర వేసేముందు ఆయన బొటనవేలు రెండంగుళాలు అవతలికి జరుగుతుంది. అది కొసరు. ఇరవై రెండేళ్ళలో ఆ వేలు ఇవతలికి జరగడం ఎవరూ చూడలేదు. కొలతలో తక్కువ ఇవ్వడం ఎంత తప్పో, తక్కువ పుచ్చుకోవడమూ అంతే తప్పని ఆయన లెక్క. ఇంత మంచి లెక్క ఒక పసిబిడ్డ నడకను పాడుచేసిందంటే చదివేవారు నమ్మకపోవచ్చు. కాని జరిగింది అదే.

కూతురు వైష్ణవికి పదేళ్ళు నిండిన నెలలో ఆయన బెంగళూరు నుంచి ఒక చిన్న టూస్ట్రోక్ డర్ట్ బైకు తెప్పించాడు. రోడ్డు మీదికి కాదు, మట్టినేల మీద పిల్లలు తోలుకునే బండి. "ఆడబిడ్డకు ఇదేందండీ" అని భార్య పుష్పావతి ఒక పూట సణిగి ఊరుకుంది. బండిని పాపకు తగినట్టు సరిచేయించడానికి జమ్మలమడుగులో మెకానిక్కు హుమాయున్ షెడ్డుకు తీసుకుపోయారు. టూస్ట్రోక్ ఇంజన్ల పని చేతిలో ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ పెద్దగా మిగల్లేదు.

హుమాయున్ ముందు బండిని చూడలేదు, పిల్లను చూశాడు. సీటు మీద కూర్చోబెట్టి పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో చూశాడు. బ్రేకు పట్టించి వేళ్ళు ఎంతవరకు అందుతున్నాయో చూశాడు.

"పొయ్యి మీద పాలు పెట్టినావా పాపా, ఎప్పుడన్నా?"

"పెట్టినా మామా. పొంగిపోయినాయి. అమ్మతో తిట్లు గూడా తిన్యా."

"ఈ ఇంజనూ అంతే. శానాసేపు ఊరికే ఉంటాది. ఉన్నట్టుండి పొంగుతాది. అప్పుడు నీ చెయ్యి భయపడి యాక్సిలేటర్ను ఇంకా గట్టిగా పట్టుకుంటాది. పట్టుకునే కొద్దీ అది ఇంకా తిరుగుతాది."

అందుకని ఆయన యాక్సిలేటరు మూడో వంతుకు మించి తిరగకుండా ఒక స్క్రూ అడ్డం పెట్టాడు. ఇంజను ఊపు తగ్గేలా సైలెన్సరు గొట్టం మొదట్లో సన్నరంధ్రం ఉన్న వాషరు వేశాడు. ఎవరూ తిప్పకుండా స్క్రూ తల మీద ఎర్రరంగు పూశాడు. తరువాత నేల మీద ముగ్గుపిండితో గీత గీశాడు.

"నెలకోసారి రా. ఈ గీత కాడ వరసగా పదిసార్లు నిలిపినావంటే స్క్రూ ఒక చుట్టు వదులు చేస్తా. తోలేది ఎవురికైనా వస్తాది, నిలిపేది రావల్ల."

ఈ మాటలన్నీ జరుగుతున్నంతసేపూ ప్రభాకరరావు సూరత్ సరుకు గురించి ఫోన్లో మాట్లాడుతున్నాడు. "మూడో వంతుకే బిగిచ్చినానన్నా" అని హుమాయున్ చెబితే, "అట్లే కానీ భాయ్" అని చెయ్యి ఊపాడు. ఎందుకని అడగలేదు.

మొదటి నెల వైష్ణవి ఏడుసార్లు నిలిపింది. రెండో నెల తొమ్మిది. "ఇంకొక్కటే మామా!" అని ఎగిరింది.

మూడో నెల రాకముందే ఒక ఆదివారం అందరూ పులివెందులలో పుష్పావతి తమ్ముడు పవన్‌కుమార్ ఇంటికి వెళ్ళారు. అతని కొడుకు సునీల్‌కు పదమూడేళ్ళు, వాడికీ అలాంటి బండే ఉంది. పుష్పావతి ఇంట్లో వంటపనిలో ఉండిపోయింది. బత్తాయి తోట పక్కన బీడులో పిల్లలిద్దరూ బండ్లు తీశారు. సునీల్ రెండు చుట్లు తిరిగేసరికి వైష్ణవి ఒక చుట్టు పూర్తి చేసింది. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది. చూస్తున్న పెద్దలే ఊరుకోలేకపోయారు.

"ఏంది బావా, బండి కొన్నావా, కుట్టుమిషను కొన్నావా? కుయ్యికుయ్యి అంటాంది!" అన్నాడు పవన్‌కుమార్. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సంగతి తెలిశాక ఇంకా రెచ్చిపోయాడు. "నిండు బండికి దుడ్లిచ్చి మూడో వంతు తోలిస్తాండావా! నీ అంగట్లో మీటరు అడిగినోనికి అడుగు గుడ్డ చించిస్తావా బావా?"

ఆ మాట ప్రభాకరరావుకు గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది. తనను ఎవరో తక్కువ కొలిచి మోసం చేశారనిపించింది. స్క్రూడ్రైవరూ పానా తెప్పించాడు.

"వద్దు నాన్నా! ఇంకొక్కసారి నిలిపితే హుమాయున్ మామే వదులు చేస్తానన్యాడు."

"నేనుండా గదమ్మా. ఏం గాదు."

రంగు పగిలింది. స్క్రూ వచ్చింది, వాషరూ వచ్చింది.

బండి ముప్పై గజాలు మామూలుగానే పోయింది. తరువాత ఇంజను ఒక్కసారిగా కేక పెట్టింది, ముందుచక్రం గాలిలోకి లేచింది. "వదులు! చెయ్యి వదులు!" అని అరుస్తూ ప్రభాకరరావు పరుగెత్తాడు. ఆ చిన్ని చెయ్యి వదల్లేదు, భయంతో ఇంకా బిగుసుకుంది. బండి పోయి గుద్దుకోగానే, తోటకు కంచెగా నిలువునా పాతిన నాపరాతి బండ రెండుగా విరిగింది. బండి, సగం బండ, ఆ పిల్ల కుడిమోకాలి మీద పడ్డాయి.

తిరుపతి ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు. చివరి రోజు డాక్టరు టేపుతో రెండు కాళ్ళూ కొలిచి చెప్పాడు: ఎముక పెరిగే చోటు నలిగిపోయింది, పిల్ల ఎదిగే కొద్దీ కుడికాలు వెనకబడుతుంది, ఎన్ని ఆపరేషన్లు చేసినా కొంత తేడా ఉంటుంది. జీవితమంతా టేపు పట్టిన మనిషి ఆ టేపు వంక చూడలేకపోయాడు.

అప్పటికే పవన్‌కుమార్ నోట పుట్టిన ఒక మాట ఊళ్ళు తిరిగింది. మెకానిక్కు ఏదో తిప్పడం వల్లనే ఇదంతా జరిగిందట. హుమాయున్ షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. ప్రభాకరరావు ఆ మాటను ఔననలేదు, కాదనలేదు. ఊరుకున్నాడు. అలా ఊరుకోవడానికి ఆయన ఏ పేరూ పెట్టుకోలేదు. మనం పెట్టాలి. అది అబద్ధం.

బిడ్డను ఇంటికి తెచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం హుమాయున్ బత్తాయిల సంచితో వచ్చాడు. పుష్పావతి గడపలోనే అడ్డుకుంది.

"ఇంకా ఏం చూడనీకి వచ్చినావయ్యా? ఏం బిగిచ్చినావు దానికి? బంగారట్లా బిడ్డను కుంటిదాన్ని చేసినావు గదా!"

హుమాయున్ ఆమె భుజం మీదుగా ప్రభాకరరావు వైపు చూశాడు. విరిగిన బండిని తెచ్చి తన షెడ్డులో పడేసిన రోజే ఆయన స్క్రూ ఉండాల్సిన చోట పగిలిన రంగును చూశాడు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. తల దించుకుని నిలబడ్డాడు.

మంచం మీది నుంచి వైష్ణవి గొంతు వచ్చింది. "మామను తిట్టొద్దమ్మా. స్క్రూ నేనే తీసినా. నాన్నకు తెలీదు."

పదేళ్ళ పిల్ల తండ్రి తప్పును తన నెత్తిన పెట్టుకుంది. ప్రభాకరరావు గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

"బిడ్డ తీయలేదు పుష్పా. వద్దు వద్దని మొత్తుకుంటాంటే నేను తీసినా. నలుగురు నవ్వినారని తీసినా. ఇన్నాళ్ళు ఈయప్పను తిడతాంటే నోరు మూసుకోని విన్యా."

పుష్పావతి సంచి అందుకోలేదు, తిట్టనూ లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరువాత చాలా నెలలు ఆమె భర్తతో అవసరానికి మించి మాట్లాడలేదు.

హుమాయున్ ఆయన పక్కనే కింద కూర్చున్నాడు. "నాదీ తప్పుండాదన్నా. ఎందుకు బిగిచ్చినానో పాపకు చెప్పినా, నీకు చెప్పలే. పెద్దోడు, తెలీకుంటాదా అనుకున్యా. నేను బండిని తక్కువ చేయలేదన్నా. పాప చెయ్యి ఎంత మోయగలదో అంత ఇచ్చినా."

ప్రభాకరరావు మరునాడే బజారుకు వెళ్ళి అంగడంగడికీ నిజం చెప్పి వచ్చాడు. హుమాయున్ షెడ్డుకు మళ్ళీ బండ్లు వచ్చాయి. వైష్ణవి కాలు మాత్రం ఆ నిజంతో ఒక్క నూలుపోగంత కూడా పెరగలేదు. ఎత్తుమడమ వేసిన కుడి బూటుతో ఆ పిల్ల బడికి వెళ్ళిన ఉదయం, అంగట్లో ఒకాయన తన తొమ్మిదేళ్ళ కొడుక్కు పెద్ద బండి కొనిస్తానని గొప్పగా చెబుతుంటే, ప్రభాకరరావు చేతిలోని గుడ్డ పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"పిల్లోని చేతికి ఎంత ఇయ్యాల్నో ఆ చేతిని చూసి తేల్చుకో అప్పా, నవ్వే నాలుగు నోళ్ళను చూసి తేల్చుకోవద్దు."