నా వాంతి మందు

"ఇంకా ఎంతసేపే ఆ కొబ్బరి? చేప ఉడికి ఉడికి పులుసైపోతోంది" అంది మా అత్త.

నేను తురుముపీట మీద కూర్చుని కాయ తరవాత కాయ తురుముతున్నాను. ఆ వాసనకి కడుపులో తిప్పుతోంది. కీమో రేపు. ఒంట్లోకి ఇంకా చుక్క మందు ఎక్కలేదు, అయినా నా పొట్టకి ముందే తెలిసిపోతుంది. ఆసుపత్రి వైపు వెళ్ళే బస్సు కనబడినా, ఆ వార్డు నేల తుడిచే మందు వాసన ఎవరి బట్టల్లోంచి వచ్చినా నోట్లో నీళ్ళూరతాయి. చేపల ఫ్యాక్టరీలో మా సూపర్‌వైజరు ఒకసారి నా ముఖం చూసి, "తితిలియా, వాంతి వస్తే వెనక్కి పోయి చేసుకో, బెల్టు మాత్రం ఆపకు" అన్నాడు. పాపం, ఉన్నవాళ్ళలో ఆయనే నయం. మిగతావాళ్ళు నేను పక్కన నిలబడితే ముక్కు మూసుకుంటారు.

ముందుగదిలో మగవాళ్ళు యాంగోనా, అంటే మా మత్తు వేరు దంచి కలిపిన నీళ్ళు, తాగుతున్నారు. మా ఆయన అపెనిసా వాళ్ళ వంశపెద్ద ఇంటి నుంచి తోమాసి వచ్చాడు. ఆ ఇంటి తరఫున మాట్లాడేది అతనే. ఉత్త చేతులతో రాలేదు, యాంగోనా వేళ్ళ కట్ట తెచ్చి మా ఆయన ముందు పెట్టాడు. కట్ట పెట్టారంటే ఏదో అడగటానికి వచ్చారన్నమాట. పందిని అడుగుతారేమో, చాపలు అడుగుతారేమో అనుకున్నాను. ఆ పెద్దింటివాళ్ళు మా గడప తొక్కడం అదే మొదటిసారి. మా ఆయనకి పొద్దుటి నుంచీ కాళ్ళు నేల మీద లేవు.

అంతలో ముందుగదిలోంచి చప్పట్లు వినిపించాయి. అరచేతులు గుల్లగా చేసి కొట్టే చప్పట్లు. అవి పడ్డాయంటే మాట అయిపోయినట్టే, ఇక వెనక్కి తీసుకునేది లేదు.

మా ఆయన వంటింట్లోకి వచ్చాడు. నా వంక చూడకుండా ఫ్రిజ్ తెరిచి, కింది అరలోంచి నా డబ్బా తీశాడు.

"అదెందుకు?" అన్నాను.

"పెద్దింటి ఆది కెలేరా గారికి. ఎల్లుండి ఆవిడకి పిత్తాశయం ఆపరేషనట. కిందటిసారి ఆపరేషన్ అయ్యాక వాంతులై కుట్లు ఊడాయట. దానికీ ఇదే మందు పనిచేస్తుందని డాక్టరు చెప్పాడట, ఊళ్ళో ఎక్కడా దొరకలేదట."

"అది ఒక్కటే ఉంది. రేపు నాకు..."

"తెలుసు తితీ. తెలిసే ఇస్తున్నాను. వాళ్ళు మనింటికొచ్చి అడిగారు. ఇంట్లో పెట్టుకుని లేదంటే మనం మనుషులమేనా?"

అతను వెళ్ళిపోయాడు. నేనేం చేశానో తెలుసా? కొబ్బరి తురిమాను. నా చేతుల్ని చూసుకుంటే నాకే అసహ్యం వేసింది, అవి ఆగలేదు.

"వచ్చే నెల మీ చెల్లెలు మళ్ళీ పంపిస్తుందిగా. ఈ ఒక్కసారికి ఓర్చుకో" అంది మా అత్త, పొయ్యి దగ్గర నుంచి. "ఏం, మా కాలంలో వాంతులు లేవా? నేను ఆరుగురిని కన్నాను, ఆరుగురికీ కక్కాను."

ఓర్చుకోవాలట. ఓర్చుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. మొదటిసారి కీమో ఎక్కించినప్పుడు ఆసుపత్రిలో ఉన్న మామూలు ఇంజెక్షనే ఇచ్చారు. ఆ రోజు గడిచింది. మర్నాటి నుంచి మొదలైంది. తిన్నది పోయింది, తాగిన నీళ్ళు పోయాయి, ఆ తరవాత పోవడానికేమీ లేకపోయినా పేగులు మెలితిరిగి పచ్చటి చేదు బయటికొచ్చేది. బాత్‌రూమ్ నేల మీదే పడుకునేదాన్ని, లేచి రావడానికి ఓపిక లేక. నాలుక పిడచకట్టుకుపోయింది. మా అమ్మాయి లూసీ తలుపు అవతల నిలబడి "అమ్మా, ఉన్నావా?" అని అడుగుతుంటే, ఉన్నానని చెప్పడానికి గొంతు రాలేదు. పిల్ల ఆ మాట అడిగిన తీరు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మా ఆయన చాప తీసుకుని ముందుగదిలోకి వెళ్ళి పడుకున్నాడు. "నీ శబ్దం వింటే నాకు నిద్ర పట్టట్లేదు, పొద్దున్నే డ్యూటీ ఉంది కదా" అన్నాడు. చివరికి మళ్ళీ ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. ఆ మంచం మీదే అనుకున్నాను, ఇక ఆ కీమో కుర్చీలో కూర్చోను, గడ్డ ఎంత పెరిగితే అంత పెరగనీ, ఇలా బతికేకంటే అదే మేలు అని. ఎవరికీ చెప్పలేదు. రెండో కోర్సుకి వెళ్ళకూడదని లోపల గట్టిగా తీర్మానం చేసుకుని, బయటికి మాత్రం గిన్నెలు తోముకుంటూ తిరిగాను.

ఆ సంగతి పసిగట్టింది నా చెల్లెలు అతేకా ఒక్కతే. బ్రిస్బేన్‌లో ముసలివాళ్ళ ఆశ్రమంలో పనిచేస్తుంది. ఫోన్లో నా గొంతు విని, "అక్కా, నువ్వు మానేద్దామనుకుంటున్నావు కదూ?" అంది. ఏడ్చేశాను. ఇక్కడి డాక్టరు రాసిన చీటీ తీసుకుని ఎక్కడెక్కడో తిరిగి, మంచు డబ్బాలో పెట్టి, మా పిన్ని కొడుకు చేతికిచ్చి పంపింది. తెల్లటి మందు, చిన్న సీసాలు. కీమోకి ముందు నరంలోకి ఇస్తారు. రెండో కోర్సుకి ఇచ్చారు, మూడో కోర్సుకి ఇచ్చారు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. అన్నం తిని, అది లోపలే ఉందని తెలిసి, కంచం ముందు కూర్చుని మళ్ళీ ఏడ్చాను. ఇంకా మూడు కోర్సులున్నా బతికి బట్టకడతానని అప్పుడే మొదటిసారి అనిపించింది. మిగిలిన ఒక్క సీసానీ వచ్చిపోయేటప్పుడల్లా ఫ్రిజ్ తెరిచి చూసుకునేదాన్ని. గడ్డకడితే పాడైపోతుందని, దాని పక్కన ఐసు చేపలు పెట్టొద్దన్నందుకు మా అత్త చేత తిట్లు కూడా తిన్నాను.

ఇప్పుడది తోమాసి సంచిలో ఉంది.

మా దగ్గర చుట్టం నోరు తెరిచి 'కెరెకెరె' అని అడిగితే లేదనకూడదు. పారైనా, పడవైనా, పిల్లల స్కూలు బూట్లైనా. అది మంచి పద్ధతే, నేను కాదనను. తుఫానులో మా ఇంటి కప్పు లేచిపోయినప్పుడు అలా అడిగే రేకులు తెచ్చుకున్నాం. కానీ మా ఇంట్లోంచి అలా పోయినవేమిటో ఆ రోజు గిన్నెలు కడుగుతూ ఆలోచించాను. నా కుట్టుమిషను పోయింది. మా అమ్మ నేసిచ్చిన పెళ్ళిచాప పోయింది. అడిగేది మగవాళ్ళని, చప్పట్లు కొట్టేది మగవాళ్ళు, పోయేవి మాత్రం మావి. ఇచ్చినవాడన్న పేరు అపెనిసాది.

తోమాసి భోంచేశాడు. నేను తురిమిన కొబ్బరి పాలలో ఉడికిన చేప బాగుందని రెండోసారి వడ్డించుకున్నాడు. సాగనంపి వచ్చిన మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "రేపు నర్సు అడిగితే మందు ఇంకా రాలేదని చెప్పేద్దాం. నువ్వేం మాట్లాడకు, నేను చూసుకుంటాను" అన్నాడు. డాక్టరు ఎప్పుడేమడిగినా అతనే చెప్తాడు. "బాగానే ఉంది డాక్టర్, తింటోంది డాక్టర్" అని. పెద్దవాళ్ళ ముందు బాగాలేదనడం మర్యాద కాదు కదా. నేను తల వంచుకుని పక్కన కూర్చుంటాను.

అతను వెళ్ళి టీవీ ముందు కూర్చున్నాడు. నాకు భయం పట్టుకుంది. రేపు ఆ కుర్చీలో కూర్చుంటే మళ్ళీ ఆ బాత్‌రూమ్ నేల. కూర్చోకపోతే లూసీ తలుపు బయట నిలబడి అడిగిన ప్రశ్నకి ఇక జవాబుండదు. ఎటు చూసినా గొయ్యే. నేను వెళ్ళనని నాకు తెలుసు. పొద్దున్న మా ఆయన వెంట బస్సు దాకా వెళ్ళి, కాళ్ళు రాక, వెనక్కి తిరిగొస్తాను. ఈ విషయం ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

టిఫిన్ డబ్బాలో మంచుముక్కలు వేసి, గుడ్డ చుట్టి సంచిలో పెట్టుకున్నాను. "ఎక్కడికే?" అంది మా అత్త. "వస్తాను" అన్నాను.

బస్సులో రెండుసార్లు దిగిపోదామనుకున్నాను. ఇచ్చినదాన్ని వెనక్కి అడగడం మా దగ్గర ఎవరూ చెయ్యరు. దొంగతనం చేసినవాడినైనా చర్చిలో పక్కన కూర్చోబెట్టుకుంటారు, ఇలాంటిదాన్ని కూర్చోబెట్టుకోరు. పైగా ఆడదాన్ని, ఆ వంశానికి కోడల్ని, చేతిలో వేళ్ళ కట్ట లేదు, నా తరఫున మాట్లాడే మగాడు లేడు.

ఆది కెలేరా ఇల్లు రేవా నది ఒడ్డున ఉంది. పేరు ముందు 'ఆది' అని ఉంటే పెద్దింటి ఆడపడుచని. పక్క తలుపులోంచి "తులో, తులో" అని మన్నించమంటూ వంగి వంగి నడిచి, చాపకి ఈ చివర, గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఆ చివర తోమాసి, ఇంకో ఇద్దరు యాంగోనా గిన్నె ముందున్నారు. ఆవిడ గోడకానుకుని, కుడి డొక్క కింద దిండు పెట్టుకుని కూర్చుంది.

"అపెనిసా భార్యవి కదూ? ఎవరి తరఫున వచ్చావు?"

ఎవరొచ్చినా మొదట అడిగే మాటే అది.

"నా తరఫునేనండీ అమ్మగారూ."

తోమాసి చేతిలో చిప్ప ఆగిపోయింది. నేల చూస్తూ చెప్పేశాను. "పొద్దున్న మీకు ఇచ్చిన మందు నాది. నాకు తిరిగి ఇప్పించండి. కెరెకెరె."

"మతి పోయిందా నీకు?" అని లేచాడు తోమాసి. "మీ ఆయన చప్పట్లు కొట్టి ఇచ్చాడు. ఇంట్లో మగాడి మాటకి విలువ లేదా? పద, పద, బయటికి నడు."

లేవలేదు. చాప అంచు పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

"నువ్వు కూర్చోరా" అంది ఆవిడ తోమాసితో. నా వైపు తిరిగింది. "ఇచ్చింది తిరిగి అడిగే ఆడదాన్ని నా బతుకులో చూడలేదే. ఇంట్లో ఇంకా బోలెడున్నాయని మీ ఆయన అన్నాడటగా?"

"ఒక్కటే ఉందండీ. రేపు నాకు కీమో."

"ఇది లేకపోతే ఏమవుతుంది?"

ఈ ప్రశ్న ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. డాక్టరు అడిగినా మా ఆయన్ని చూస్తూ అడిగేవాడు.

"ఇది లేకపోతే రేపు నేను వెళ్ళనండీ. ఇంట్లో వెళ్తానని చెప్తాను, కానీ వెళ్ళను. ఆ వాంతులు ఇంకోసారి నా వల్ల కాదు. వెళ్ళకపోతే చచ్చిపోతాను. మా లూసీకి పదకొండేళ్ళు." తలెత్తి ఆవిడ డొక్క కింది దిండు వంక చూశాను. "మీకూ భయంగానే ఉంటుందండీ, నాకు తెలుసు. మీకు కుట్లు ఊడతాయని తెలిసే అడుగుతున్నాను. సిగ్గు లేకుండా అడుగుతున్నాను."

ఆవిడ డొక్క పట్టుకుని, గోడ ఆసరాతో లేచింది. తోమాసి సాయం రాబోతే చేత్తో వద్దంది. తానే లోపలికి వెళ్ళి ఆ డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"భయమేనే, ఎందుకుండదు? ఆ వాంతులకి పొట్ట విచ్చుకుపోయినట్టయింది అప్పుడు" అంది, మళ్ళీ మెల్లగా కూర్చుంటూ. "డాక్టరుతో చెప్పి ఇంకేదైనా ఇప్పించుకుంటాను. లేకపోతే దిండు గట్టిగా అదిమి పట్టుకుంటాను, ఒక్క రోజే కదా. నీ మీద మాత్రం నాకు కోపంగానే ఉంది, చెప్తున్నా. పుచ్చుకున్నది నా చేత వాపసు చేయించావు."

"వినాకా అమ్మగారూ" అని థాంక్స్ చెప్పాను. ఏడుపు ఆగలేదు. సీసా తీసి, గుడ్డ మధ్యలో, మంచుకి తగలకుండా సర్దుకున్నాను.

"తోమాసీ, కారు తియ్యి. చీకటి పడేలోపు దీన్ని ఇంటి దగ్గర దింపిరా. అపెనిసా ఏమన్నా అంటే నేనే పంపానని చెప్పు."

"మా ఇంటికి వద్దండీ" అన్నాను. "పెద్దాసుపత్రి దగ్గర దింపమనండి. కీమో వార్డులో నర్సు ఊర్మిలా ఉంటుంది, దీన్ని వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టమంటాను. పొద్దున్నదాకా బయట బల్ల మీద కూర్చుంటాను."

"రాత్రంతా ఆసుపత్రిలో, ఒక్కదానివేనా? భయం లేదుటే?"

"ఉందండీ. కానీ ఈ సీసా నా దగ్గరున్నంతసేపూ మా ఇల్లంటేనే ఎక్కువ భయం."