ఒక్కసారే పడే సీలు

మా మహిపాల్‌కు పోర్టు పని దొరికిందని తెలిసిన రోజు నేను అన్నం ముట్టలేదు. పోర్టు అంటే సముద్రమే అనుకున్నాను. కీసరలో ఏడో తరగతి దాకా చదివినదాన్ని. సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు గానీ అందులో మునిగే మనిషి మాత్రం నా కళ్లకు కనిపిస్తాడు. అంబులెన్స్ కూత వినపడితే ఇంట్లోవాళ్లను లెక్కపెట్టుకునే స్వభావం నాది.

వాడు నవ్వాడు.

"సముద్రం లేని పోర్టే అమ్మా. సనత్‌నగర్ల ఉన్నది. సిటీ బస్సుల పోయొస్త."

వాడు ఎగుమతి కాగితాలు చేసిపెట్టే ఏజెంటు త్రిమూర్తులు గారి దగ్గర పనిచేసేవాడు. మా ఉప్పల్ పక్కనే నాచారంలో ఒక మందుల కంపెనీ ఉంది. అక్కడ సరుకును పెద్ద ఇనుప బాక్సులోకి ఎక్కిస్తారు. నిండాక తలుపుకు సీలు వేసి, లారీ మీద సనత్‌నగర్ డిపోకు చేర్చాలి. వాడు పోర్టన్నది ఆ డిపోనే. ఓడరేవులో జరగాల్సిన కస్టమ్స్ పనంతా అక్కడే అయిపోతుంది. తర్వాత బాక్సు రైలెక్కి ముంబై పోతుంది. అక్కడ దాని తలుపు ఎవరూ తెరవరు. సీలు మీది నంబరు, కాగితాల మీది నంబరు ఒకటైతే చాలు, ఓడెక్కిస్తారు.

"ఓడోళ్లు నన్ను సూడరు, సరుకును సూడరు. నేనేసిన సీలునే నమ్ముతరు" అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు వాడి ముఖం ఎట్లా వెలిగేదో ఇప్పుడు తలుచుకోవాలంటే భయం వేస్తుంది.

రెండేళ్లు టెంపరరీగా చేశాడు. వచ్చే నెలలో పర్మనెంట్ కాగితం ఇస్తామని త్రిమూర్తులు గారు చెప్పారు. ఇంట్లో అందరం ఆ కాగితం కోసమే చూస్తున్నాం.

తెలంగాణ కోసం బందుల మీద బందులు నడుస్తున్న ఏడాది అది. ఒక బందు ముందురోజు సాయంత్రం వాడు బ్యాగుతో ఇంటికి వచ్చాడు. తెల్లారితే ఆఫీసు తెరవరని సీలు, కాగితాలు ముందే తెచ్చుకున్నాడట. బాక్సు అప్పటికే నిండి కంపెనీలో లారీ మీదే ఉంది. పొద్దున ఐదింటికల్లా వెళ్లి సీలు వేస్తే, రోడ్ల మీదికి జనం రాకముందే లారీ డిపోకు చేరుతుంది. సాయంత్రం రైలు. ఆ రైలు తప్పితే ఓడ తప్పుతుంది.

పోవద్దని బతిమాలాను. అంతకుముందు బందులో ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక లారీ అద్దాలు పగిలి, డ్రైవరు నెత్తురుతో దిగడం టీవీలో చూశాను. ఆ డ్రైవరు ముఖం చెరిపి నా కొడుకు ముఖం పెట్టుకున్నాను.

"గంట పని అమ్మా. ఫికర్ జేయకు" అని పడుకున్నాడు.

మా ఆయన రామస్వామి నాచారంలోనే వేరే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు పోయాడు. నాలుగింటికే నాకు మెలకువ వచ్చింది. బయటి గేటుకు తాళం వేద్దామంటే దాని చెవి ఒకటి మహిపాల్ దగ్గర ఉంటుంది. వేరే తాళం కోసం ఇల్లంతా వెతికి, చివరికి వాడి బ్యాగు తెరిచాను. వేలంత ఇనుప మేకు, దాని కొసకు తొడిగే పచ్చటి గొట్టం, రెండూ ఒక కవరులో కనిపించాయి. ఇదేదో కొత్త రకం తాళం అనుకున్నాను. చెవి కూడా బ్యాగులోనే ఉంటుందనీ, దాన్ని తీసి దాచేస్తే మధ్యాహ్నం దాకా వాడు ఇంట్లోనే ఉంటాడనీ అనుకున్నాను. మేకును గేటు గడియలో దూర్చి గొట్టం నొక్కాను. టక్కుమంది. ప్రాణం కుదుటపడింది.

ఎంత వెతికినా చెవి దొరకలేదు.

వాడు లేచి, ముఖం కడుక్కొని, బ్యాగు చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. నేను గేటు వైపు చూస్తుంటే వాడూ అటు చూశాడు. మెల్లగా నడిచి, వంగి, గొట్టం మీది నంబరు చదివాడు. గోడ దూకి పోగలిగే కొడుకు అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"దీనికి చెవి ఉండదమ్మా" అన్నాడు. "ఒక్కసారే పడ్తది. కోసుడే ఇగ."

ఒక్క మాట తిట్టలేదు. ఆక్సా బ్లేడుతో గంటసేపు కోశాడు. ముక్కలు జేబులో వేసుకొని బయటికి పోయి ఫోన్లు చేశాడు. వేరే సీలు వేయాలంటే కాగితాలన్నీ మార్చాలి. మార్చే ఆఫీసరు బందు రోజు రాడు. బాక్సు కంపెనీలోనే ఉండిపోయింది. రైలు పోయింది, ముంబైలో ఓడా పోయింది. విదేశం వాళ్లు సరుకు వద్దన్నారు. మందుల కంపెనీ తన పనంతా వేరే ఏజెంటుకు ఇచ్చేసింది. త్రిమూర్తులు గారు మహిపాల్‌ను పనికి రావద్దన్నారు.

వారం చూసి, వాడికి చెప్పకుండా త్రిమూర్తులు గారి ఆఫీసుకు పోయాను. తప్పు నాది, నా బిడ్డది కాదు అని ఉన్నదంతా చెప్పాను. ఆయన కోస్తావైపు మనిషి, కోపిష్టి అని విన్నాను. కానీ కుర్చీ వేయించి మంచినీళ్లు ఇప్పించారు.

"బస్సులో పోగొట్టుకున్నానని మీవాడు రాసిచ్చాడమ్మా" అన్నారు. "పోగొట్టుకుంటే అజాగ్రత్త. ఇంటి గేటుకు వేశారని తెలిస్తే, సీలును ఇంట్లోవాళ్ల చేతికిచ్చినవాడవుతాడు. ఇక ఏ డిపోలోనూ అడుగు పెట్టనివ్వరు. మీరు నాకేం చెప్పలేదు, నేను వినలేదు. వెళ్లిరండి."

ఇంటికి వచ్చేసరికి మహిపాల్ గుమ్మంలో ఉన్నాడు. నా ముఖం చూస్తే తెలిసిపోయినట్టుంది.

"ఎవ్వరికీ జెప్పకు. నాయినకు అస్సలే జెప్పకు. ఆయన నోట్ల మాట ఆగది. నేనే పోగొట్టిన, గంతే."

ఇప్పుడు వాడు నాచారంలో డబ్బాలకు టేపు వేసే పని చేస్తున్నాడు. ఎన్ని గంటలకు వస్తావంటే చెప్పడు. మా ఆయనకు ఇప్పటికీ బస్సు సంగతే తెలుసు.

నిన్న అన్నాల దగ్గర మా ఆయన మళ్లీ అదే ఎత్తుకున్నాడు.

"రెండేండ్ల నౌకరి. వేలంత మేకు దాసుకోలేకపోయిండు. రేపు పెండ్లి జేస్తే పిల్లను గూడ బస్సుల మర్శిపోయొస్తడు."

అసలు సంగతి నా నోటి దాకా వచ్చింది. మహిపాల్ తల ఎత్తకుండానే కంచం నా వైపు జరిపాడు.

"పప్పెయ్యమ్మా" అన్నాడు.

వేశాను.