పగిడయ్య చెప్పిన చోట్లు

కార్తీకం వచ్చిందంటే ఆ బొటానికల్ గార్డెన్‌కు శని పట్టినట్టేనని ముత్తక్క అభిప్రాయం. మిగతా నెలల్లో బడిపిల్లలు వస్తారు, చెట్ల పేర్లు రాసుకుంటారు, పోతారు. కార్తీకంలో మాత్రం ప్రతి ఆదివారం ఖమ్మం నుంచీ సత్తుపల్లి నుంచీ బస్సులు దిగుతాయి. ఉసిరి చెట్టు కింద అన్నం తింటే పుణ్యమని వస్తారు. మైకులు పెట్టి, కుర్చీలాట ఆడి, ప్లాస్టిక్ గ్లాసులన్నీ ఇక్కడే వదిలేసి, పుణ్యం ఒక్కటే మూటగట్టుకొని పోతారు. సోమవారం ఆ గ్లాసులు ఏరేది ముత్తక్క, నర్సరీలో పనిచేసే రిబ్కా.

భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంది ఆ గార్డెన్. ముత్తక్కా, ఆమె భర్త పగిడయ్యా పన్నెండేళ్లు అక్కడే కూలి చేశారు. మొన్న శ్రావణంలో పగిడయ్య కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు.

పగిడయ్యకు అడవి గడ్డలంటే, తవ్వి వండుకు తినే దుంపలంటే, ప్రాణం. ఎక్కడెక్కడి నుంచో వాటి తీగలు తెచ్చి గార్డెన్‌లో నాటాడు. వానాకాలంలో అవి మిగతా అడవి తీగల్లో కలిసిపోయి చెట్ల మీదికి పాకుతాయి. కార్తీకానికల్లా ఎండి, రాలి, గాలికి కొట్టుకుపోతాయి. పైన ఆనవాలు కూడా ఉండదు గానీ, గడ్డ మాత్రం తొలకరి దాకా మట్టిలో బతికే ఉంటుంది. బోర్డులు పెడదామని ఏ సారు అడిగినా పగిడయ్య నవ్వి ఊరుకునేవాడు. వాళ్ల గూడెంలో గడ్డ ఉన్న చోటు బయటివాళ్లకు చెప్పరు. ఇంట్లో ఒక్కరికి చెప్తారు, అంతే. చోటు నలుగురి నోట్లో పడితే మర్నాటికి గుంతే మిగులుతుందని భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు.

దవాఖానాలో, కళ్లు పచ్చబడి, మాట కూడదీసుకుంటూ పగిడయ్య మూడు రోజుల్లో పన్నెండు చోట్లు ఆమెకు ఒప్పజెప్పాడు. ఏ చెట్టుకు ఏ దిక్కున, ఎన్ని అడుగుల్లో. అప్పజెప్పడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు పాపం. ఆయన పోయాక ముత్తక్క రోజూ పొద్దున్నే ఆ పన్నెండు చోట్లూ తిరిగి వచ్చేది. చూసేవాళ్లకు ఊడుస్తున్నట్టే కనబడేది. ఆమెకు మాత్రం ఆయనతో నాలుగు మాటలు మాట్లాడినట్టుండేది.

కార్తీకం రెండో ఆదివారం ఖమ్మం నుంచి ఒక కాలనీవాళ్లు దిగారు. వాళ్ల పెద్ద వెంకటేశ్వరరావు, రిటైరైన బ్యాంకు మేనేజరు. వంటకు గాడిపొయ్యి తవ్వాలని ఉసిరి చెట్టుకు తూర్పున సున్నంతో పొడవాటి గీత గీయించాడు. దసరాకు కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ భాస్కర్ ముత్తక్కను పిలిచాడు.

"ముత్తక్కా, ఈడ తవ్వుకుంటమంటున్నరు. కింద ఏమన్న ఉన్నదా?"

ఆ గీత కింద ఉన్నది పన్నెండింట్లో పగిడయ్యకు అన్నిటికంటే ఇష్టమైన గడ్డ. అశ్వారావుపేట దిక్కు ఒక వాగు ఒడ్డున దొరికింది. ఇప్పుడా ఒడ్డంతా పామాయిల్ తోటే, అక్కడ ఇంకో తీగ లేదు. ముత్తక్క చుట్టూ చూసింది. ఇరవై మంది నిలబడి ఉన్నారు, ఒకతని చేతిలో గడ్డపార ఉంది. ఇంతమందిలో చోటు చెప్పడమా?

"ఏం లేదు సారూ. కానీ ఈడ చీమలున్నయి. ఆ రేగుచెట్టు దిక్కు తవ్వుకుంటే నయం."

"చీమలదేముందమ్మా, మంట పెడితే అవే పోతాయి. ఉసిరి కిందనే వండాలి," అన్నాడు వెంకటేశ్వరరావు.

ఒక్క మాట చాలు అప్పుడు. పొయ్యి లోతు మూరెడే, గడ్డ ఇంకా కిందుంటుందిలే అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఇంతలో భాస్కర్ గేటు దగ్గర నీళ్ల డ్రమ్ములు నింపమన్నాడు. వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రెండు దాటాక రిబ్కా కేకేసింది. "అక్కా, తిందువు దా!" విస్తరిలో పులిహోర, వంకాయ కూర, పక్కన పులుసు. పులుసులో తెల్లటి ముక్కలు. రిబ్కా మొహం వెలిగిపోతోంది.

"పొయ్యి తవ్వుతుంటే మోచేయంత గడ్డ దొరికిందక్కా! ఆ అమ్మలకు అదేందో తెల్వక పారేస్తున్నరు. మా దిక్కు తింటరని చెప్పి నేనే పులుసుల ఏసిన. నీకిష్టమని రెండు ముక్కలు ఎక్కువేయించిన."

ముత్తక్క విస్తరి ముందు కూలబడింది.

"తల ఏది?"

"ఏం తల?"

"గడ్డకు పైన తల ఉంటది. తీగ లేచేది ఆడికెల్లే. మేం తవ్వితే తల కోసి మళ్ల మట్టిల పెడ్తం. అది ఏది రిబ్కా?"

రిబ్కా మొహం పాలిపోయింది. "చెక్కుతోటి పాటు పొయ్యిల ఏసినమక్కా."

"అది మీ బావ తెచ్చిన గడ్డ," అని ముత్తక్క బావురుమంది. మూడు నెలలుగా ఎవరి ముందూ ఏడవని మనిషి, మైకులో పాటలు మోగుతుండగా, పులిహోర ముందు కూర్చుని ఏడ్చింది. రిబ్కాకు ఏం చేయాలో తోచక ఆమె వీపు నిమురుతూ తనూ ఏడ్చింది.

విషయం తెలిసి భాస్కర్ వచ్చాడు. "నేనడిగితిని గదా ముత్తక్కా!" అన్నాడు. కోపం కంటే బాధే ఎక్కువుంది ఆ గొంతులో.

"అడిగిండ్రు సారూ. నేనే లేదన్న."

ఆ బ్యాంకు పెద్దమనిషి మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రిబ్కా మీద చూసింది. ఏదీ నిలబడలేదు. తిరిగి తిరిగి తన మీదికే వచ్చింది. దాచమని ఇస్తే, దాచీ దాచీ పోగొట్టింది.

"వచ్చే ఆదివారం మూడు బస్సులొస్తున్నయి," అన్నాడు భాస్కర్, చూపు నేల మీద పెట్టి. "పొయ్యిలు యాడ తవ్వుతరో ఏమో. ఇంకా యాడేడ గడ్డలున్నయో నువ్వు చెప్తే తప్ప నాకు తెల్వదు."

ముత్తక్క విస్తరి దగ్గరికి లాక్కుంది. పగిడయ్య తెచ్చినదాన్ని కుక్కలకు వేయడం చేతకాక ఆ ముక్కలన్నీ తిన్నది.

బస్సులు పోయాక తనే వెళ్లి భాస్కర్‌ను పిలిచింది. అతను వెదురు కర్రల కట్టా, ఎర్ర రంగు డబ్బా పట్టుకొని వెంట నడిచాడు. మొదటి చోట ఆమె చాలాసేపు నిలబడి, "ఈడ," అన్నది. అతను కర్ర పాతి, చివరకు రంగు పూసి, పుస్తకంలో రాసుకున్నాడు. రెండోది. మూడోది. ఒక్కొక్క చోటు చెప్తుంటే ఆమె గొంతు తగ్గిపోతూ వచ్చింది. ఏడో చోట భాస్కర్ రెండుసార్లు అడిగి చెప్పించుకోవలసి వచ్చింది.

పదకొండోది మద్దిచెట్టు వెనక. అక్కడికి చేరేసరికి పొద్దు గుంకుతోంది. ముత్తక్క చెట్టుకు ఆనుకొని నిలబడింది. మరిచిపోయిందనుకున్నాడు భాస్కర్.

"యాది లేకపోతే రేపు చూద్దం అక్కా."

"యాది ఉన్నది సారూ," అన్నది ఆమె. తర్వాత పడమరగా మూడు అడుగులు వేసి, కాలితో నేలను చూపించింది.

భాస్కర్ చివరి కర్ర పాతాడు. ఇక ముత్తక్కకూ పగిడయ్యకూ మధ్య, వాళ్లిద్దరికే తెలిసిన మాట ఒక్కటి కూడా మిగల్లేదు.