బోల్టు బిగించిన పైపు

మారయ్య సారు కాళ్లల్ల సత్తువ పోయిందట, బ్రేకు తొక్కలేకపోతున్నడట. పక్కింటి నిర్మలమ్మ నా భార్యతోని అన్నదట. "చిల్కూరు మలుపుకాడ ఆగున్న ఆటోను గుద్దిండు గద! పక్కన కూసున్న భార్య ధనమ్మ మణికట్టు ఇరిగె. కొడుకు సుకుమార్ ఇగ తాళంచెవి చేతికియ్యనన్నడు. ఇగ కారు అమ్ముడే."

నేను తినే కంచం పక్కకు జరిపి లేచిన.

మొయినాబాదుల నాది కార్ల రిపేరు షెడ్డు. పోయిన శనివారం సారు ముడిమ్యాల నుంచి తన ముప్పై ఏండ్ల చిన్న కారు తెచ్చిండు. ఆపినకాడల్లా ఇంజన్ వణికి బందయితున్నదన్నడు. చూస్తే బ్రేకు బూస్టర్ల రబ్బరు పొర చిరిగి ఉన్నది. బూస్టరంటే గుండ్రటి రేకు డబ్బా. ఇంజన్ ఒక పైపుతోని అందులోని గాలిని గుంజేస్తది. బ్రేకు తొక్కంగనే పొరకు ఒక దిక్కు బయటి గాలి జొరబడి, గాలి లేని దిక్కుకు దాన్ని నెడతది. ఆ నెట్టుడే మన కాలుకు తోడు. పొర చిరిగితే ఆ గాలంత ఇంజన్లకు పోయి దాన్ని ఆగం జేస్తది.

కొత్త బూస్టర్ సోమవారం గాని రాదు. సారుకు ఆదివారం చర్చి. పైపు పీకి, మూతికి బోల్టు బిగించిన. ఇంజన్ కుదురుకున్నది, గని కాలుకు ఆ తోడు పోయింది.

"బ్రేకు రాయి లెక్కయితది సార్, బలంగ తొక్కాలె" అందామనుకున్న. అంతల సారు, బయలెల్లే ముందు అలవాటు గద, నూనె మరకల నా చేతులు పట్టుకొని కండ్లు మూసుకున్నడు. "ప్రభువా, ఈ చేతుల పనిని దీవించు." ఆమెన్ అన్నంక ఆ మాట నా నోట్లెకెళ్లి రాలే.

ఆదివారం గుద్దినంక కారు మళ్ల నా షెడ్డుకే వచ్చింది. కొత్త బూస్టర్ ఏసిన. బోల్టు జేబుల ఏసుకున్న. ఎవరూ అడగలే.

నిర్మలమ్మ మాట ఇన్న తెల్లారే కారు తీస్కొని ముడిమ్యాల పోయిన. సారు గేటుకాడికి కర్ర పట్టుకొని వచ్చిండు. కర్ర కొత్తది.

"జర కూసోండ్రి సార్. ఇంజన్ బందుంచి నాలుగుసార్లు తొక్కుండ్రి. కాలు తియ్యకుండ్రి. ఇప్పుడు స్టార్ట్ చెయ్యుండ్రి."

పెడల్ కాలు కింద దానంతటదే మెత్తగ దిగింది.

"అరె! నా కాలేనా ఇది?"

"మీ కాలుకేం కాలే సార్. తప్పు నాది." బోల్టు ఆయన చేతుల పెట్టి, అంత చెప్పిన.

సారు ఎనుకనే వచ్చి నిలబడ్డ సుకుమార్ మొఖం పక్కకు తిప్పుకున్నడు. సారు బోల్టును తిప్పి తిప్పి చూసిండు. "ఒక్క మాట చెప్తే మెల్లగ పోయెటోన్ని గద బిడ్డా" అన్నడు. మళ్ల ప్రార్థన చేద్దామని నా చేతులు పట్టుకున్నడు.

కట్టు కట్టిన చెయ్యితోని ధనమ్మ గడపల నిలబడ్డది.

"ఆ చేతులు ఇడువయ్యా. ఐదు దినాలాయె నువ్వు కర్ర పట్టుకొని నడవవట్టి. ఐదు దినాలు ఆ బోల్టు వీని జేబులనే ఉండె."